పసిబిడ్డ జ్వరము – మరుగున పడిన మూత్రపరీక్ష

వర్షాకాలము ప్రవేశించినది మొదలు మన గ్రామములలో జ్వరము మాట వినరాని వీధి యుండదు. ఆ దినములలో పంచాయతీలు మురుగు కాలువలు బాగుచేయించుట, బ్లీచింగు చల్లించుట, దోమల మందు కొట్టించుట మున్నగు పనులలో తలమునకలై యుండును. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి, జ్వరముతో నున్నవారి వ్రేలి కొన నుండి రక్తపు చుక్క తీసి మలేరియా పరీక్ష చేయుదురు. డెంగ్యూ భయము సరేసరి. ఇవి యన్నియు జరుగవలసిన పనులే. కాని యీ సందడిలో ఒక చిన్న పరీక్ష తరచు మరుగున పడిపోవుచున్నది. అది పసిబిడ్డ మూత్రపరీక్ష.

రెండేండ్లు నిండని బిడ్డకు జ్వరము వచ్చినది. జలుబు లేదు, దగ్గు లేదు, విరేచనములు లేవు, చెవి కారుట లేదు, ఒంటిమీద పొక్కులు లేవు. అయినను ఒళ్ళు కాలిపోవుచున్నది. ఇట్టి బిడ్డలను నూరుమందిని పరీక్షించినచో సుమారు 5 నుండి 7 మందిలో జ్వరమునకు కారణము మూత్రావయవములలో చేరిన సూక్ష్మక్రిములే యని అనేక దేశములలో జరిగిన పరిశోధనలు తేల్చినవి. నూటికి 5 లేక 7 అనగా స్వల్పమే గదా యని తోచవచ్చును. ఒక మోస్తరు గ్రామములో ఒక సంవత్సరమున ఎందరు పసిబిడ్డలకు ఎన్నిసార్లు జ్వరము వచ్చునో సభ్యులు ఒకమారు వ్రేళ్ళపై లెక్కించుకొందురు గాక. ఏటేట మన యూరిలోనే ఇట్టి బిడ్డలు ఒకరో యిద్దరో ఉండకపోరు. వారిని కనుగొన్నామా లేదా యనునదే ప్రశ్న.

కొన్ని సంవత్సరముల క్రిందట ప్రచార కార్యక్రమముల నిమిత్తము మేము ఒక డెల్టా గ్రామమునకు వెళ్ళియుంటిమి. సభ ముగిసిన పిమ్మట ఒక వార్డు సభ్యుడు మమ్ము తన యింటికి కాఫీకి పిలిచెను. అతని మనుమరాలికి పదకొండు నెలల వయస్సున మూడు మాసములలో మూడు పర్యాయములు జ్వరము వచ్చినదట. వచ్చినప్పుడెల్ల ఊరి వైద్యుడు ఒక సూది వేసి, ఒక సీసా మందు ఇచ్చెడివాడు. రెండు రోజులలో జ్వరము తగ్గెడిది. తగ్గగానే మందు మానివేసెడివారు. "పళ్ళు వస్తున్నాయండి, పళ్ళు వచ్చేటప్పుడు కాస్తుంది" అని నాయనమ్మ సమాధానము. తాయెత్తు కట్టించిరి, దిష్టి తీయించిరి. నాలుగవ మారు జ్వరముతోపాటు వాంతులు ప్రారంభమై, బిడ్డ పాలు ముట్టక సోలిపోగా పట్టణమునకు తీసికొనిపోయిరి. అచ్చటి డాక్టరమ్మ బిడ్డను చూచి మొట్టమొదట అడిగిన ప్రశ్న ఒకటే: మూత్రము ఎప్పుడైన పరీక్ష చేయించినారా? ఇంటిల్లిపాది ఒకరి మొగము ఒకరు చూచుకొనిరట. "రక్తపరీక్ష మూడుసార్లు చేయించామండీ. ఉచ్చ పరీక్ష చేయించాలని మాకు ఎవరూ చెప్పలేదు" అని ఆ సభ్యుడు మాతో అనినప్పుడు మాకును సమాధానము దోచలేదు. అంతకు పది నిమిషముల ముందే మేము మైకు ముందు నిలిచి జ్వరములను గురించి అరగంటసేపు ప్రసంగించియుంటిమి. ఆ ప్రసంగములో మూత్రము అను మాట ఒక్కమారైనను రాలేదు.

ఆ పిల్ల బ్రదికినది. మేము కడసారి విన్నప్పుడు బడికి కూడ పోవుచుండెను. కాని స్కానింగులో ఎడమ మూత్రపిండముపై మచ్చలు కట్టినట్లు తేలినది. ఏటేట రక్తపుపోటు చూపించుకొనుచు, మూత్రపరీక్ష చేయించుకొనుచు ఉండవలసినదని డాక్టర్లు చెప్పిరట. ఈ వ్యాసము వ్రాయుటకు ఆ యింటి కాఫీయే కారణము.

క్రిమి ఎచ్చట నుండి వచ్చును?

మన శరీరములో నడుమునకు ఇరువైపుల రెండు మూత్రపిండములు కలవు. అవి రక్తమును వడగట్టి మూత్రమును తయారు చేయును. ఆ మూత్రము రెండు సన్నని నాళముల గుండ దిగి మూత్రాశయములో నిలువయై, అచ్చటి నుండి మూత్రమార్గము ద్వారా వెలికి పోవును. ఆరోగ్యవంతుని మూత్రపిండములలోగాని నాళములలోగాని ఈ వ్యాధిక్రిములు పెంపొందవు. క్రిములుండు స్థానము ప్రేగు. 1885లో జర్మనీలోని మ్యూనిచ్ నగరమున థియోడర్ ఎషెరిష్ అను పిల్లల వైద్యుడు శిశువుల మలమును సూక్ష్మదర్శినిలో పరిశీలించి ఒక క్రిమిని వర్ణించెను. తరువాత దానికి అతని పేరే పెట్టిరి. దానినే డాక్టర్లు ఈ. కోలై యందురు. ప్రేగులో ఉన్నంతవరకు అది సాధారణముగా మనకు అపకారము చేయదు. మలద్వారము చెంత నుండి మూత్రమార్గమున ప్రవేశించి పైకి ప్రాకినప్పుడే ఉపద్రవము. పిల్లలలో వచ్చు ఈ వ్యాధిలో అత్యధిక భాగమునకు ఈ క్రిమియే కారణము.

ఆడపిల్లలలో మూత్రమార్గము పొట్టి, మలద్వారమునకు సమీపము. అందుచే ఏడాది దాటిన తరువాత ఈ వ్యాధి మగపిల్లలలో కంటె వారిలోనే హెచ్చు. పుట్టిన తొలి మాసములలో మాత్రము మగపిల్లలకును తక్కువగా రాదు. కొందరు పిల్లలలో మరియొక చిక్కు కలదు. మూత్రాశయము నుండి మూత్రము క్రిందికి మాత్రమే పోవలెను. పైకి మరలకుండ నాళము మూత్రాశయమును చేరుచోట ఒక కట్టుబాటు ఉండును. చేనికి నీరు పెట్టు బోదె తూము సరిగా మూయబడనిచో నీరు ఎగదన్నును గదా, అట్లే ఈ కట్టుబాటు బలహీనముగా నున్న పిల్లలలో మూత్రము మూత్రపిండము వైపునకు ఎగదన్నును. దానితో క్రిములును పైకెక్కును. జ్వరముతో కూడిన మూత్రవ్యాధి మొదటిసారి వచ్చిన పిల్లలలో సుమారు నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వరకు ఈ లోపము కానవచ్చును. స్వల్పముగా నున్నచో వయస్సుతోపాటు అదియే సర్దుకొనును.

క్రిములు మూత్రాశయములోనే యున్నంతవరకు మంటయు, మాటిమాటికి మూత్రమునకు పోవుటయు ఉండును. జ్వరము అంతగా ఉండదు. మూత్రపిండమునకు ఎక్కినప్పుడే తీవ్రమైన జ్వరము వచ్చును. ఆలస్యమైనచో మూత్రపిండములో పుండుపడిన భాగము మాని మచ్చ కట్టును. మచ్చకట్టిన భాగము మరల పనిచేయదు. మొదటిసారి వ్యాధి వచ్చిన పిల్లలలో నూటికి సుమారు 15 మందిలో ఇట్టి మచ్చలు కనుగొనబడినవి. జ్వరము మొదలైన రెండు, మూడు దినములలో తగిన మందు పడినచో మచ్చలు ఏర్పడు ప్రమాదము తగ్గును. వ్యాధి తిరిగి తిరిగి వచ్చినకొలది ప్రమాదము పెరుగును. మచ్చలు హెచ్చుగా నున్నచో ముందు ముందు రక్తపుపోటు రావచ్చును. ఆడపిల్లలకు గర్భిణీ సమయమున ఇబ్బంది కలుగవచ్చును. ఏ కొందరిలోనో మూత్రపిండములు చెడిపోవుట కూడ కలదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానము ప్రాంతపు మూత్రపిండ వ్యాధి సంగతి సభ్యులలో చాలమంది వినియుందురు. అది వేరు, ఇది వేరు. అచ్చటి వ్యాధి పెద్దవారిని, ముఖ్యముగా సేద్యపు పనులు చేయువారిని, చడీచప్పుడు లేకుండ పట్టునది. దాని మూలకారణము నేటికిని నిస్సంశయముగా తేలలేదు. మనము చెప్పుకొనుచున్న వ్యాధికి కారణము తెలియును, పరీక్ష కలదు, మందు కలదు. లోపించుచున్నది సకాలమున అనుమానించుట యొక్కటే.

పసిబిడ్డ నోరు విప్పి చెప్పలేడు

అయిదేండ్ల పిల్లయైనచో "అమ్మా, ఉచ్చ పోస్తే మండుతోంది" అని యేడ్చును. పొత్తికడుపు నొప్పి యనును. ప్రక్క తడుపుట మానిన పిల్ల మరల తడుపుట మొదలుపెట్టును. తల్లికి వెంటనే అనుమానము వచ్చును. నెలల బిడ్డకు ఈ మాటలు లేవు. జ్వరమే వాని భాష. దానికి తోడు చిరాకు, పాలు సరిగా త్రాగకపోవుట, వాంతులు, బరువు పెరుగకపోవుట యుండవచ్చును. పురిటి బిడ్డలో పసిరికలు ఎన్ని దినములకును తగ్గకపోవుట కూడ ఒక గుర్తు. మూత్రము దుర్వాసన కొట్టుట, మురికిగా నుండుట కొందరిలో కానవచ్చును; అవి లేవు గనుక వ్యాధి లేదని తలపరాదు.

మన పెద్దలు ఇట్టి సమయమున "వేడి చేసింది" అని బార్లీ నీళ్ళు, సబ్జా నీళ్ళు, మజ్జిగ తేట ఇప్పింతురు. పల్లేరు కాయల కషాయము కాచువారును కలరు. ఆరు నెలలలోపు బిడ్డకు తల్లిపాలు తప్ప మరేమియు పట్టరాదు. కాస్త పెద్ద పిల్లకు బార్లీ నీళ్ళు ఇచ్చినచో దోషము లేదు, దాహము తీరును. కాని మూత్రపిండమునకు ఎక్కిన క్రిమి బార్లీ నీళ్ళకు చావదు. చలువ చేయుదుమని రెండు, మూడు దినములు గడిపివేయుట మాత్రము ప్రమాదము. పళ్ళు వచ్చునప్పుడు ఒళ్ళు వెచ్చబడిన వెచ్చబడవచ్చును గాని, తీవ్రమైన జ్వరము పళ్ళవలన రాదు. ఈ సంగతి నాయనమ్మలకు చెప్పుట డాక్టరు కంటెను సభ్యులకే సులభము.

ఒక హెచ్చరిక ఇచ్చటనే చేయుచున్నాము. మూడు నెలలు నిండని బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీటు, అనగా 38 డిగ్రీల సెంటీగ్రేడు, లేక అంతకు మించి జ్వరము వచ్చినచో ఇంటివైద్యమునకు, ఊరి వైద్యమునకు తావులేదు. రాత్రియైనను పగలైనను 108 వాహనమును పిలిచి ఆసుపత్రికి చేర్చవలెను. అంత చిన్న బిడ్డలో క్రిములు మూత్రము నుండి రక్తములోనికి ప్రవేశించుటకు ఎక్కువ కాలము పట్టదు.

మూత్రము పట్టుట ఎట్లు?

పరీక్ష చేయించుట తేలికయే, పసిబిడ్డ మూత్రము పట్టుటయే కష్టము అని తల్లులందురు. నిజమే. ఈ కష్టమువలననే డాక్టర్లు కూడ ఒక్కొక్కప్పుడు పరీక్ష వాయిదా వేయుదురు. కావున ఈ సంగతి కొంచెము వివరముగా వ్రాయుచున్నాము.

ముందుగా బిడ్డ జననాంగమును శుభ్రమైన నీటితో కడిగి తుడువవలెను. ఆడపిల్లకు ముందు నుండి వెనుకకే తుడువవలెను. ఆసుపత్రివారు ఇచ్చిన శుభ్రమైన సీసామూత తీసి సిద్ధముగా నుంచుకొని, బిడ్డకు పాలిచ్చి, ఒడిలో పట్టుకొని కూర్చుండవలెను. మూత్రధార మొదలైన పిమ్మట మొదటి చుక్కలు విడిచి, నడిమి ధారను సీసాలో పట్టవలెను. సీసా లోపలి భాగమును వ్రేలితో తాకరాదు. ఇంటిలోని మందుసీసా, పచ్చడిసీసా ఎంత కడిగినను పనికిరావు. గుడ్డను పిండి ఇచ్చిన మూత్రము అసలే పనికిరాదు.

బిడ్డ ఎంతసేపటికిని మూత్రము విడువనిచో ఒక చిన్న ఉపాయము కలదు. చల్లని నీటిలో తడిపిన శుభ్రమైన దూదిగుడ్డతో బొడ్డు క్రింద, పొత్తికడుపుపై మెల్లగా గుండ్రముగా రాయవలెను. 2017లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 354 మంది శిశువులపై ఈ పద్ధతిని పరీక్షించి చూచిరి. ఊరక వేచియున్నవారిలో నూటికి 12 మంది 5 నిమిషములలోపల మూత్రము విడువగా, ఇట్లు రాసినవారిలో 31 మంది విడిచిరట. ఖర్చు లేని పని, ఏ ఉపకేంద్రములోనైనను చేయవచ్చును. బిడ్డకు నీళ్ళు పోయునప్పుడు చల్లని చేయి తగిలిన వెంటనే చివ్వున ఉచ్చ పోయుట తల్లులు చూచినదే. శాస్త్రజ్ఞులు దానిని లెక్కగట్టిరి, అంతే.

అంటించు సంచులు కొన్ని ఆసుపత్రులలో కలవు. ఆ సంచిలోనికి చర్మముపైని క్రిములు కూడ చేరును. కాబట్టి దానిలోని మూత్రములో ఏమియు లేదని తేలినచో నమ్మవచ్చును గాని, క్రిములున్నవని తేలినచో దానినిబట్టియే నిర్ణయము చేయరాదు. బిడ్డకు జబ్బు తీవ్రముగా నున్నప్పుడు డాక్టర్లు సన్నని గొట్టము ద్వారా మూత్రము తీయుదురు. తల్లిదండ్రులు భయపడి వలదనుట కలదు. అది క్షణకాలపు బాధ. దానివలన లభించు సమాధానము నిక్కమైనది.

పట్టిన మూత్రమును గంటలోపల ప్రయోగశాలకు చేర్చవలెను. ఈ. కోలై క్రిమి అనుకూలమైన వెచ్చదనమున సుమారు 20 నిమిషముల కొకమారు రెట్టింపగును. అనగా ఒక క్రిమి మూడు గంటలలో 512 క్రిములగును. ఎండలో బస్సుకొరకు కూర్చున్న సీసాలో ఏమి జరుగునో ఊహించుకొనవచ్చును. గంటలోపల చేర్చుట సాధ్యము కానిచో సీసాను మంచుగడ్డల నడుమ పెట్టవలెను. శీతల యంత్రములో 4 డిగ్రీల వద్ద నుంచినచో 24 గంటల వరకు నిలువ యుండును. ఇచ్చట ఒక్క మాట. టీకాలు తెచ్చు చల్లని పెట్టె ఉపకేంద్రములో కనబడినది గదా యని దానిలో మూత్రపు సీసాలు పెట్టరాదు. టీకాల పెట్టె టీకాలకే. మంచుగడ్డలకు వేరొక చిన్న ప్లాస్టిక్ డబ్బాయో ఫ్లాస్కో ఉండవలెను. దాని వెల కొలదియే.

ఇక పరీక్షలు. మొదటిది రంగు మారు పట్టీ. రెండవది సూక్ష్మదర్శినిలో చీముకణములను చూచుట. మూడవది కల్చరు పరీక్ష, అనగా మూత్రములోని క్రిములను పెంచి, అవి ఏ క్రిములో, ఏ మందుకు లొంగునో తెలిసికొనుట. మొదటి రెంటి ఫలితము ఆ పూటనే తెలియును. కల్చరుకు ఒకటి, రెండు దినములు పట్టును. పట్టీ పరీక్షలో ఒక మెలిక కలదు. క్రిములున్నవని చూపు రంగులలో ఒకటి మారవలెనన్న మూత్రము మూత్రాశయములో సుమారు 4 గంటలు నిలువ యుండవలెను. పసిబిడ్డలు మాటిమాటికి మూత్రము విడుతురు గనుక, వ్యాధి ఉన్నను ఆ రంగు మారకపోవచ్చును. అందుచే పట్టీ బాగున్నదన్న మాటతో డాక్టరు తృప్తిపడక మరల పరీక్ష కోరినచో, ఊరక త్రిప్పుచున్నారని విసుగుకొనరాదు.

గర్భిణీ స్త్రీల మూత్రమును పరీక్షించుటకు ఏ.ఎన్.ఎం. వద్ద పట్టీలుండుట సభ్యులెరుగుదురు. అవి ఆల్బుమిన్, చక్కెరలను కనుగొనుటకు. వాటితో క్రిముల సంగతి తెలియదు. దీనికి వేరు పట్టీలు కలవు. అవి మన ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో నున్నవా, కల్చరు కొరకు సీసాలు ఎచ్చటికి పంపుచున్నారు అని వైద్యాధికారిని అడిగి తెలిసికొనుట పంచాయతీ సభ్యునికి ఉచితమైన ప్రశ్నయే. అడిగినచో ఎవరును తప్పుగా భావింపరు. భావించినను అడుగవలసినదే.

మందు, సగములో మానుట

కల్చరుకు మూత్రము పట్టిన పిమ్మటనే యాంటీబయాటిక్ మందు మొదలుపెట్టవలెను. ముందుగా ఒక సూది, రెండు చెంచాల మందు పడిన తరువాత పట్టిన మూత్రములో క్రిమి దాగిపోవును. వ్యాధి మాత్రము పూర్తిగా పోదు. మా స్నేహితుని మనుమరాలి విషయములో జరిగినది ఇదే. జ్వరము తగ్గుచున్నది గనుక వైద్యము ఫలించినదని అందరు నమ్మిరి. ఊరి వైద్యులు ఆపదలో ఆదుకొనువారే. అర్ధరాత్రి తలుపు తట్టినచో లేచి వచ్చువారు వారొక్కరే యైన ఊళ్ళు అనేకములు. వారిని నిందించుటకు ఇది వ్రాయుటలేదు. కారణము తెలియని జ్వరముతోనున్న పసిబిడ్డకు యాంటీబయాటిక్ ఇచ్చుటకు ముందు ఆరోగ్యకేంద్రమునకు పంపుడని వారితో కూర్చుండి మాటలాడవలసినది మాత్రము గ్రామపెద్దలే.

డాక్టరు వ్రాసిన మందు సాధారణముగా 7 నుండి 14 దినములు వాడవలసియుండును. రెండు, మూడు దినములలో జ్వరము దిగును. బిడ్డ ఆడుకొనును. అప్పుడే సీసా అటకెక్కును. మిగిలిన మందును తరువాత ఎప్పుడో మరియొక బిడ్డకు పోయుట కూడ మేము చూచితిమి. సగము మందు తిన్న క్రిములలో బలమైనవి మిగిలి, మరుసటిసారి ఆ మందుకు లొంగవు. నేడు ఈ. కోలై అనేక మందులకు లొంగకపోవుట మన దేశమంతటను డాక్టర్లను కలవరపెట్టుచున్న విషయము. మూడు నెలలలోపు బిడ్డలకును, వాంతులవలన మందు నిలువని బిడ్డలకును ఆసుపత్రిలో నుంచి సూదిమందు ఇత్తురు. నయమైన పిమ్మట మూత్రపిండముల అల్ట్రాసౌండు స్కానింగు చేయించుమని డాక్టరు చెప్పినచో, బిడ్డ బాగున్నది గదా యని మానరాదు. కట్టుబాటులోని లోపము, నాళములలోని అడ్డంకులు బయటపడునది అప్పుడే.

మగబిడ్డ మూత్రము ధారగా రాక బొట్టు బొట్టుగా కారుచున్నచో, ముక్కుచున్నచో, జ్వరము లేకున్నను వెంటనే చూపవలెను. పుట్టుకతోనే మూత్రమార్గములో అడ్డుతెర యుండు పిల్లలు కొందరు కలరు. తల్లి గర్భవతిగా నున్నప్పుడు తీసిన స్కానింగు కాగితముపై బిడ్డ మూత్రపిండము వాచినదని వ్రాసియున్నచో ఆ కాగితము పారవేయక, కాన్పు తరువాత పిల్లల డాక్టరుకు చూపవలెను. మగబిడ్డ ముందుచర్మమును బలవంతముగా వెనుకకు లాగి కడుగుట కొన్నిచోట్ల ఆచారము. అట్లు చేయరాదు, పైపైన కడిగిన చాలును. తల్లిపాలు త్రాగు బిడ్డలకు ఈ వ్యాధి తక్కువ యనుట తల్లులకు చెప్పదగిన శుభవార్త.

బడి మరుగుదొడ్డి తాళము

ఇంతవరకు చెప్పినది డాక్టర్లకు, తల్లులకు సంబంధించినదనియు, పంచాయతీకి దీనిలో పనియేమనియు ఒకరిద్దరు సభ్యులు తలపోయవచ్చును. 1992లో రాజ్యాంగమునకు జరిగిన 73వ సవరణ ఒక పట్టికను చేర్చినది. అందలి 29 అంశములలో ఆరోగ్యము, పారిశుద్ధ్యము ఒకటి; త్రాగునీరు ఒకటి; స్త్రీ శిశు సంక్షేమము ఒకటి. ఈ మూడును మన విషయములో కలియుచున్నవి. ముఖ్యముగా కలియుచోటు బడి.

మూడేండ్లు దాటిన పిల్లలలో ఈ వ్యాధి తిరిగి తిరిగి వచ్చుటకు రెండు అలవాట్లు పెద్ద కారణములు. ఒకటి మూత్రమును బిగబట్టుట, రెండవది మలబద్ధకము. అయిదేండ్ల పిల్ల మూత్రాశయము సుమారు 200 మిల్లీలీటర్లు, అనగా ఒక గ్లాసెడు మాత్రమే పట్టును. ప్రొద్దున ఎనిమిదింటికి ఇల్లు విడిచిన పిల్ల సాయంకాలము నాలుగింటి వరకు బిగబట్టవలసివచ్చినచో, నిలువయున్న ఆ మూత్రములో క్రిములు పెంపొందుటకు కావలసినంత వ్యవధి దొరకును. పిల్లలు తెలివిగలవారు. మూత్రమునకు పోవలసివచ్చునని నీళ్ళు త్రాగుట మానివేయుదురు. నీళ్ళు త్రాగనందున మలము గట్టిపడును. గట్టిపడిన మలము మూత్రాశయమును నొక్కిపట్టి, అది పూర్తిగా ఖాళీ కాకుండ చేయును. ఒకదానికొకటి తోడగును.

పిల్లలు ఎందుకు బిగబట్టుదురు? మేము పర్యటించిన బడులలో మరుగుదొడ్డి లేని బడి ఇటీవల అరుదుగానే కానవచ్చినది. 2009 విద్యాహక్కు చట్టము మగపిల్లలకు, ఆడపిల్లలకు వేరువేరు మరుగుదొడ్లు, త్రాగునీరు ఉండవలెనని శాసించినది. కట్టడములు కట్టబడినవి. గోడలపై రంగులు, బొమ్మలు కూడ కలవు. కాని ఒకచోట కుళాయి యున్నది, నీరు లేదు. ఒకచోట నీరున్నది, గడియ లేదు. గడియ లేని గదిలోనికి పదేండ్ల ఆడపిల్ల పోదు. ఒక గ్రామములో మరుగుదొడ్డికి మంచి ఇత్తడి తాళము వేసియున్నది. తాళపుచెవి ఎవరి వద్ద నున్నదని అడిగితిమి. ఉపాధ్యాయుల గదిలో నున్నదనిరి. శుభ్రము చేయు మనిషికి మూడు మాసములుగా జీతము ముట్టలేదనియు, పాడుచేయుదురను భయముతో తాళము వేసితిమనియు ప్రధానోపాధ్యాయుడు చెప్పెను. ఆయన చెప్పినదానిలో అబద్ధము లేదు. ఆ మధ్యాహ్నము విరామ సమయమున ఆడపిల్లలు గుంపుగా బడి వెనుకనున్న తుమ్మచెట్ల వైపు నడచిపోవుటయు నిజమే.

అందుచే సభ్యులు ఈసారి బడికి పోయినప్పుడు మరుగుదొడ్డి ఉన్నదా యని అడుగుట మాని, లోపలికి పోయి చూడవలెనని మా మనవి. కుళాయి త్రిప్పిచూడవలెను, గడియ పెట్టిచూడవలెను. మధ్యాహ్నము పన్నెండింటికి తొట్టిలో నీరు ఎంత యున్నదో చూడవలెను. ఉదయము చూచిన లాభము లేదు, అప్పుడు ప్రతి తొట్టియు నిండుగనే యుండును. మహిళా సభ్యులు ఆడపిల్లలతో విడిగా మాటలాడినచో మాకు తెలియని సంగతులు వారికి తెలియును. మూత్రమునకు పోయెదమని చేయెత్తిన పిల్లను గంట కొట్టువరకు కూర్చుండబెట్టరాదని ఉపాధ్యాయులతో స్నేహముగా చెప్పవలెను. అంగన్‌వాడీలలో రెండు గంటల కొకమారు పిల్లలను మూత్రమునకు పంపు అలవాటు కార్యకర్త చేయించవచ్చును.

డబ్బు ఎక్కడిదను ప్రశ్న సహజము. తొట్టి, గడియ, కుళాయి మరమ్మతు పంచాయతీ సాధారణ వ్యయములోనివే. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘములకు జాతీయ ఆరోగ్య మిషన్ క్రింద సంవత్సరమునకు 10,000 రూపాయల వరకు ఇచ్చు పద్ధతి కలదు. చాల గ్రామములలో ఆ సంఘము కాగితముపై నిద్రించుచుండును. ఆ పుస్తకము తెప్పించి కడపటి సమావేశము ఏనాడు జరిగినదో చూచినచో సగము సంగతి బోధపడును. మూత్రపు సీసాలు, మంచుగడ్డల డబ్బా, ఒక మంచి థర్మామీటరు – ఇవి పెద్ద మొత్తములు కావు.

ఆశా కార్యకర్త జ్వరపు బిడ్డ యున్న ఇంటికి పోయినప్పుడు ఇప్పుడు అడుగు ప్రశ్నలకు మరి మూడు చేర్చుకొనవలెనని సంఘము కోరవచ్చును. బిడ్డకు దగ్గు, జలుబు, విరేచనములు ఉన్నవా? ఇంతకుముందు ఇట్టి జ్వరము వచ్చినదా? మూత్రపరీక్ష ఎప్పుడైన జరిగినదా? మొదటిదానికి లేవనియు, మూడవదానికి జరుగలేదనియు జవాబు వచ్చినచో, ఆ బిడ్డను ఆ దినముననే, ఏ మందును పడకముందే, ఆరోగ్యకేంద్రమునకు పంపవలెను. రక్తపు చుక్క తీయుట మానవలసిన పని లేదు. దానితోపాటు ఒక సీసా.

ఆ డెల్టా గ్రామపు సభ్యుడు ఈ మూడు ప్రశ్నలను పెద్ద అక్షరములతో వ్రాయించి, తమ ఉపకేంద్రపు గోడకు, ఊరి వైద్యుని గది తలుపునకు అంటించినాడు. ఊరి వైద్యుడు అభ్యంతరము చెప్పలేదట. పైపెచ్చు, అంటించుటకు మైదాపిండి జిగురు తానే కాచి ఇచ్చెనట.